అనాథల గోడను నిలబెట్టేదెవరు?

(అధ్యయన వ్యాసం)

దివ్యఖుర్ఆన్‌లోని కహఫ్ సూరాను మనలో చాలామంది ప్రతి శుక్రవారం పారాయణం చేస్తారు. అందులో హజ్రత్ మూసా (అ) ఒక దైవదాసునితో కలిసి చేసిన ప్రయాణం గురించి ఉంది. ఆ దాసుడు హజ్రత్ ఖిజ్ర్ (అ) అని హదీసులు తెలుపుతున్నాయి. వారిద్దరూ ఆకలితో ఒక ఊరు చేరి అన్నం అడిగారు. ఊరివాళ్ళు పెట్టలేదు. అదే ఊళ్ళో ఒక గోడ కూలిపోవడానికి సిద్ధంగా కనిపించింది. ఖిజ్ర్ (అ) దాన్ని సరిచేసి నిలబెట్టారు. పట్టెడన్నం పెట్టని ఊళ్ళో ఈ ఊరికే చాకిరీ ఎందుకు, కూలి అయినా అడగవచ్చు కదా అన్నది మూసా (అ) గారి సందేహం. ఆ తరువాత అసలు విషయం తెలిసింది. ఆ గోడ ఇద్దరు అనాథ బాలురది. దాని కింద వారికి చెందవలసిన నిధి ఉంది. వారి తండ్రి సజ్జనుడు. ఆ పిల్లలు పెరిగి పెద్దవారై తమ సొమ్మును తామే తీసుకోవాలని అల్లాహ్ సంకల్పించాడు (18:77-82).

ఈ వృత్తాంతాన్ని మనం వందలసార్లు చదివాం. కాని అనాథల విషయంలో ఇందులో ఉన్న పాఠాన్ని ఎన్నిసార్లు ఆలోచించాం?

మొదటిది: ఖిజ్ర్ (అ) నిధిని తవ్వి తీసి పిల్లల చేతిలో పెట్టలేదు. వారు ఎదిగేవరకు అది భద్రంగా ఉండే ఏర్పాటు చేశారు. రెండవది: ఆయన కూలి తీసుకోలేదు, కృతజ్ఞతలు ఆశించలేదు. ఆ పిల్లలకు ఆయన ఎవరో తెలిసినట్టు కూడా ఖుర్ఆన్ చెప్పలేదు. మూడవది: ఆ గోడ అడవిలో లేదు, ఊరి మధ్యలో ఉంది. దాని పక్కనుంచి రోజూ ఎందరో నడిచి ఉంటారు. ఊరివాళ్ళు పట్టించుకోని పనిని బాటసారులు చేయవలసి వచ్చింది.

నేడు మన ఊళ్ళలో ఇలాంటి గోడలు ఎన్ని ఉన్నాయో ఒకసారి చూద్దాం.

పలకల సీమలో పలక పట్టని పిల్లలు

పెద్దదోర్నాల నల్లమల అంచున ఉన్న ఊరు. మార్కాపురం నుంచి శ్రీశైలం వెళ్ళే దారి, ఆత్మకూరు నుంచి అడవిలోగా వచ్చే దారి ఇక్కడ కలుస్తాయి. ఈ దారుల్లో శ్రీశైలం వెళ్ళే యాత్రికుల బస్సులు ఇక్కడ ఆగి వెళ్తాయి. మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాలు ఒకప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరాయి. వాన తక్కువ, బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. పత్తి, మిరప, కంది పండితే పండినట్టు, లేకపోతే లేదు. పంట పోయిన ఏడు కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు వైపు మిరపకాయల కోతకో, హైదరాబాదులో మేస్త్రీ పనులకో వలస పోవడం ఇక్కడివారికి కొత్త కాదు. తల్లిదండ్రులతో పాటు పిల్లలూ వెళతారు. బడి రిజిస్టరులో పేరు ఉంటుంది, పిల్ల ఉండదు.

మార్కాపురం పలకలకు పేరుపొందిన ఊరు. ఇక్కడి రాతి పలకల మీద దేశంలోనూ విదేశాల్లోనూ లక్షలాది పిల్లలు అక్షరాలు దిద్దారు. అయితే ఆ పలకల్ని కోసి, నునుపు చేసిన చేతుల్లో చాలా చేతులు బడికి వెళ్ళని పిల్లలవే. అందుకే 1988లో కేంద్ర ప్రభుత్వం జాతీయ బాలకార్మిక పథకాన్ని ప్రారంభించినప్పుడు తొలి విడతలో ఎంచుకున్న కొద్ది ప్రాంతాలలో మార్కాపురం పలకల పరిశ్రమ కూడా ఒకటి అయింది. ఇతర పిల్లల చదువు కోసం పలక తయారుచేస్తూ, తన చేతికి మాత్రం పలక అందని పిల్లవాడిని ఊహించుకోండి.

ఇంకొక సంగతి. రాతిని కోసేటప్పుడు లేచే సన్నని ధూళి ఏళ్ళ తరబడి ఊపిరితిత్తుల్లో పేరుకుంటే సిలికోసిస్ అనే జబ్బు వస్తుంది. అది ముదిరితే తిరిగి నయం చేసే మందు లేదు. ఇంటిని పోషించే మనిషి నడివయసులోనే మంచాన పడతాడు. అప్పులు మిగులుతాయి. ఆ తరువాత భార్య కూలికి పోతుంది, పెద్దపిల్ల బడి మానేసి చిన్నవాళ్ళను చూసుకుంటుంది. గోడ ఒరగడం అంటే ఇదే. ఆ పిల్ల తెలివి, ఆమె చదువు, ఆమె భవిష్యత్తు ఆ గోడ కింద ఉన్న నిధి.

కఫాలత్ అంటే ఏమిటి?

అనాథ బాధ్యతను స్వీకరించడాన్ని ఇస్లామ్ 'కఫాలత్' అంటుంది. ఆ బాధ్యత తీసుకున్న వ్యక్తి 'కాఫిల్'. హజ్రత్ మర్యమ్ (అ) గారి ప్రస్తావనలో ఖుర్ఆన్ ఈ మూలపదాన్నే వాడింది. ఆమెను అల్లాహ్ హజ్రత్ జకరియ్యా (అ) సంరక్షణలో ఉంచాడు (3:37). ఆమె బాధ్యత ఎవరికి దక్కాలనే విషయంలో అక్కడి పెద్దలు పోటీపడి, తమ కలాలు వేసి చీట్లు తీసినంత పని చేశారు (3:44). ఒక బాలిక బాధ్యత తమకు దక్కాలని పోటీపడిన సమాజం అది. ఆ బాధ్యత పక్కవాడి మీద పడితే బాగుండునని చూసే సమాజం మనది. ఎంత తేడా!

మన ప్రియ ప్రవక్త ముహమ్మద్ (స) స్వయంగా అనాథ. పుట్టకముందే తండ్రి పోయారు. ఆరేళ్ళ వయసులో తల్లి, ఎనిమిదేళ్ళ వయసులో తాత అబ్దుల్ ముత్తలిబ్ దూరమయ్యారు. పినతండ్రి అబూ తాలిబ్ చేరదీశారు. అల్లాహ్ ఆ విషయాన్ని గుర్తుచేసి, కనుక అనాథను కసురుకోవద్దని ఆదేశించాడు (93:6-9). తరువాత మక్కాలో కరువు వచ్చింది. అబూ తాలిబ్ గారిది పెద్ద కుటుంబం, సంపాదన తక్కువ. అప్పుడు ప్రవక్త (స) తన పినతండ్రి హజ్రత్ అబ్బాస్ వద్దకు వెళ్ళి, ఆయన భారాన్ని మనం పంచుకుందామని సూచించారు. అలీ (ర)ని ప్రవక్త (స) తీసుకున్నారు, జాఫర్ (ర)ని అబ్బాస్ తీసుకున్నారు. ఇక్కడ అబూ తాలిబ్ బతికే ఉన్నారు. అంటే కఫాలత్ తండ్రి చనిపోయాకే మొదలవ్వాలని లేదు. కుటుంబం కూలకముందే ఆసరా ఇవ్వడమూ అందులో భాగమే.

అనాథ సంరక్షకుడు స్వర్గంలో తనకు ఎంత దగ్గరగా ఉంటాడో దైవప్రవక్త (స) తమ చూపుడు వేలు, మధ్య వేలు చూపి తెలియజేశారు (బుఖారీ). ఆ అనాథ తన బంధువైనా, పరాయివాడైనా ఇదే శుభవార్త వర్తిస్తుందని మరో ఉల్లేఖనంలో ఉంది (ముస్లిం). వితంతువుల కోసం, నిరుపేదల కోసం పాటుపడేవాడు దైవమార్గంలో పోరాడే యోధునితో సమానమని కూడా ఆయన సెలవిచ్చారు (బుఖారీ, ముస్లిం).

ఇమామ్ షాఫయీ (రహ్మలై) తండ్రిలేని పిల్లవాడు. గురువుకు ఫీజు ఇచ్చుకునే స్తోమత తల్లికి లేదు. ఆ గురువు ఫీజు అడగలేదు. తాను లేనప్పుడు మిగతా పిల్లలకు పాఠం చెబితే చాలన్నారు. కాగితం కొనలేక ఎముకల మీద రాసుకున్న ఆ పిల్లవాడి గ్రంథాలను ప్రపంచం ఈనాటికీ చదువుతోంది. ఫీజు వదులుకున్న ఆ గురువు పుణ్యఖాతాలో ఏమేమి చేరి ఉంటుందో ఊహించండి.

మన ప్రాంతంలోనే ఒక ఉదాహరణ ఉంది. టంగుటూరి ప్రకాశం పంతులు గారికి చిన్నతనంలోనే తండ్రి పోయాడు. తల్లి ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని సాకింది. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అనే ఉపాధ్యాయుడు ఆ పిల్లవాడి తెలివిని గుర్తించి, తాను రాజమండ్రి వెళ్తూ తనతో తీసుకువెళ్ళి చదువుకు ఆసరా అయ్యాడు. ఆ పిల్లవాడు బారిస్టరై, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యాడు. 1972లో జిల్లాకే ఆయన పేరు పెట్టారు. ఒక మాస్టారు నిలబెట్టిన గోడ అది.

లోకం నుంచి మనం నేర్చుకోవలసింది

దైవప్రవక్త (స) ప్రవక్త కాకముందు మక్కాలో పీడితుల పక్షాన నిలబడే ఒక ఒప్పందం జరిగింది. దాన్ని 'హిల్ఫుల్ ఫుజూల్' అంటారు. ఆయన అందులో పాల్గొన్నారు. ఇస్లామ్ వచ్చాక కూడా అలాంటి ఒప్పందానికి పిలిస్తే వెళతానన్నారు. కాబట్టి మంచిని ఎవరు చేసినా దాని నుంచి నేర్చుకోవడానికి మనం సంకోచించనవసరం లేదు.

స్పెయిన్‌లో అంతర్యుద్ధం జరుగుతున్నప్పుడు, 1937లో, తల్లిదండ్రుల్ని కోల్పోయిన పిల్లల కోసం జాన్ లాంగ్డన్ డేవిస్ అనే ఆంగ్ల పాత్రికేయుడు ఒక పథకం ఆరంభించాడు. దూరదేశంలో ఉన్న ఒక వ్యక్తి ఒక పిల్లవాడి పేరున నెలనెలా కొంత సొమ్ము పంపడం, ఆ పిల్లవాడు ఉత్తరం రాయడం దాని పద్ధతి. అది తరువాత ప్లాన్ ఇంటర్నేషనల్ అనే పెద్ద సంస్థ అయింది. కాలం తిరిగింది. అదే స్పెయిన్‌కు చెందిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును స్థాపించారు. 2009లో మరణించేవరకు అక్కడే ఉన్నారు. ఒకనాడు సాయం పొందిన దేశపు ప్రజలు రాయలసీమ పిల్లలకు దాతలయ్యారు. నల్లమలలో శ్రీశైలం పరిసరాల చెంచుగూడేలకు కూడా ఆ సంస్థ పని విస్తరించింది.

వారి పద్ధతిలో ముఖ్యంగా గమనించవలసింది ఒకటుంది. పిల్లవాడి పేరున వచ్చిన సొమ్మును ఆ పిల్లవాడి చేతిలోనే పెట్టేయరు. బడి, వైద్యం, ఇల్లు, మంచినీరు లాంటి ఊరందరి అవసరాలకు వాడతారు. ఎందుకు? ఒక పిల్లకు కొత్తబట్టలు, సైకిలు ఇచ్చి పక్కింటి పిల్లకు ఇవ్వకపోతే ఆ వాడలో అసూయ పుడుతుంది. బట్టలు ఒక్క ఏడాదికి చిరిగిపోతాయి. అదే సొమ్ముతో వాడకు మంచినీరు వస్తే అందరి పిల్లల ఆరోగ్యమూ బాగుపడుతుంది.

ఈ సాయం నిజంగా ఫలితమిస్తుందా అన్న అనుమానం కొందరికి ఉంటుంది. ఆర్థికశాస్త్ర పరిశోధకులు మనదేశంతో సహా ఆరు దేశాలలో కంపాషన్ అనే అంతర్జాతీయ సంస్థ నుంచి సాయం పొందిన పిల్లలను, పెద్దయ్యాక వారి స్థితిగతులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించారు. సాయం పొందినవారు ఇతరులకంటే సుమారు ఒకటి నుంచి ఒకటిన్నర సంవత్సరాలు ఎక్కువగా చదివారు. జీతం వచ్చే ఉద్యోగాలలో చేరే అవకాశమూ పెరిగింది.

అయితే మరో పాఠం కూడా ఉంది. విదేశీ విరాళాల నియంత్రణ నిబంధనల కారణంగా అదే సంస్థ 2017 మార్చిలో మనదేశంలో తన పని ముగించుకుంది. అప్పటికి దాని సాయం అందుకుంటున్న పిల్లలు 1,40,000 మందికి పైగా ఉన్నారు. తప్పెవరిది అన్న వాదన పక్కన పెడదాం. పిల్లవాడి వైపు నుంచి చూస్తే, ఎక్కడో దూరాన వేసిన ఒక సంతకంతో అతని నెలసరి సాయం ఆగింది. సముద్రాల అవతలి దాత మీదే ఆధారపడిన గోడ ఎంత బలహీనమో దీన్ని బట్టి తెలుస్తుంది. ఆ ఊరి మస్జిదులో నమాజు చేసే నలభై మంది కలిసి నిలబెట్టిన గోడ అంత తేలికగా కూలదు.

కఫాలత్ మర్యాదలు

1. బిడ్డను తల్లి నుంచి వేరు చేయకండి: తండ్రి పోయిన పిల్లలందరినీ యతీంఖానాకు పంపడమే సేవ అనుకోవడం సరికాదు. తల్లి ఉండి, పెంచడానికి సొమ్ము మాత్రమే లేనప్పుడు ఆ సొమ్ము ఇంటికే చేరాలి. ఎవరూ లేని పిల్లలకే ఆశ్రమం. అటువంటి ఆశ్రమం పెట్టదలచినవారు 2015 నాటి బాలల న్యాయచట్టం కింద తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే ఏడాది వరకు జైలుశిక్షో, లక్షకు తగ్గని జరిమానానో, రెండూనో పడవచ్చు. ఉద్దేశం మంచిదైనంత మాత్రాన చట్టాన్ని విస్మరించరాదు.

2. పేరు, వంశం మార్చకండి: పెంచుకున్న పిల్లలను వారి తండ్రుల పేర్లతోనే పిలవాలని ఖుర్ఆన్ ఆదేశం (33:5). సాయం చేసినంత మాత్రాన పిల్లవాడు మన సొత్తు కాడు.

3. లెక్క రాయండి: అనాథల సొమ్మును అన్యాయంగా తినేవారు తమ పొట్టలను అగ్నితో నింపుకుంటున్నారని ఖుర్ఆన్ హెచ్చరించింది (4:10). వారి ఆస్తిని వారికి అప్పగించేటప్పుడు సాక్షులను పెట్టుకోమంది. సంరక్షకుడు ఉన్నవాడైతే దానిని ముట్టుకోకూడదని, పేదవాడైతే న్యాయమైనంత మేరకే తీసుకోవాలని చెప్పింది (4:6). కమిటీ పెద్ద ఎంత నమ్మకస్థుడైనా సరే, రసీదు పుస్తకం, ఇద్దరి సంతకాలు, ఏటా బహిరంగంగా లెక్క చదవడం తప్పనిసరి. అది అతనిమీద అనుమానం కాదు, దైవాజ్ఞ.

4. పరువు కాపాడండి: రమజాన్‌లో కొన్నిచోట్ల ఫ్లెక్సీ కట్టి, పిల్లల్ని వరుసలో నిలబెట్టి, ఒక్కో సంచీ ఇస్తూ ఫోటో తీస్తారు. ఆ ఫోటో మరుసటి రోజు ఊరందరి సెల్‌ఫోన్లలో ఉంటుంది. ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి తన తోటివారి ముందు ఎలా తల ఎత్తుకుంటుంది? ఎత్తిపొడుపుతో, బాధపెట్టి దానాన్ని వ్యర్థం చేసుకోవద్దని అల్లాహ్ ఆదేశించాడు (2:264). ప్రతిఫలం గాని, కృతజ్ఞత గాని కోరకుండా పేదకు, అనాథకు అన్నం పెట్టేవారిని ప్రశంసించాడు (76:8-9). సాయం ఇంటికి చేరాలి, వీలైతే రాత్రిపూట చేరాలి.

5. నిలకడగా చేయండి: కొద్దిపాటిదే అయినా నిరంతరం చేసే ఆచరణ అల్లాహ్‌కు ఎక్కువ ఇష్టమని ప్రవక్త (స) తెలియజేశారు (బుఖారీ, ముస్లిం). ఒక రమజాన్‌లో ఐదు వేలు ఇచ్చి మరచిపోవడం కంటే, నెలకు రెండు వందలు పదేళ్ళు ఇవ్వడం మేలు. మధ్యలో ఆపేసిన సాయం పిల్లవాడిని మొదటికంటే ఎక్కువగా కుంగదీస్తుంది.

6. పక్కింటి పిల్లను మరవకండి: మతం విషయంలో మీతో యుద్ధం చేయనివారితో మంచిగా, న్యాయంగా వ్యవహరించడాన్ని అల్లాహ్ నిషేధించలేదు (60:8). మన వాడలో హిందూ వితంతువు ఉండవచ్చు, అడవి అంచున చెంచు పిల్లలు ఉండవచ్చు. సాధారణ సదఖాలో వారికీ వాటా ఉంది. సాయానికి బదులుగా మతం మార్చుకోమని అడగడం, ఆశించడం ఇస్లామ్ నీతి కాదు.

జకాత్ సొమ్ము వాడవచ్చా?

జకాత్ పొందడానికి అర్హులైన ఎనిమిది వర్గాలను ఖుర్ఆన్ పేర్కొంది (9:60). అందులో అనాథ అని విడిగా లేదు. అనాథ పేదవాడైతే ఆ పేదరికం వల్ల అర్హుడవుతాడు. తండ్రి ఆస్తి వదిలి వెళ్ళిన అనాథకు కావలసింది జకాత్ కాదు, ఆ ఆస్తికి కాపలా. మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం జకాత్ సొమ్ము అర్హుని యాజమాన్యంలోకి వెళ్ళాలి. కాబట్టి ఫీజు, పుస్తకాలు, మందులు, బియ్యం మొదలైనవి పిల్లవాడికి లేదా అతని తరఫున సంరక్షకునికి జకాత్ నుంచి ఇవ్వవచ్చు. బోరు, బడి గది, లైబ్రరీ లాంటి ఊరుమ్మడి పనులకు సదఖా, విరాళాలు వాడాలి. ఏదైనా ప్రత్యేక పరిస్థితి ఎదురైతే మీకు దగ్గరలోని ఆలిమ్‌ను సంప్రదించండి. యుక్తవయస్సు వచ్చాక ధర్మశాస్త్రం ప్రకారం 'యతీం' అన్న మాట వర్తించదు. కాని ఇంటర్‌లో చేరిన పిల్లకు అవసరం తీరినట్టు కాదు. పేద విద్యార్థిగా ఆమె హక్కు కొనసాగుతుంది.

ఊరుమ్మడి పని విషయంలో కంభం చెరువును గుర్తుచేసుకోవచ్చు. గుండ్లకమ్మకు అడ్డంగా విజయనగర కాలంలో కట్టిన ఆ కట్ట ఇప్పటికీ నిలబడి ఉంది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల వారసత్వ కట్టడంగా గుర్తింపు పొందింది. కట్టినవారి ఎముకలు మట్టిలో కలిశాయి, నీళ్ళు మాత్రం పారుతున్నాయి. విశ్వాసి మరణించాక కూడా పుణ్యం చేరుతూ ఉండే సదఖా జారియా అంటే ఏమిటో ఈ ప్రాంతపు రైతుకు వేరే ఉపమానంతో చెప్పనవసరం లేదు.

మన మస్జిదు నుంచి మొదలుపెడదాం

ముందుగా మొహల్లాలో ఇద్దరు నమ్మకస్థులు, వారితో పాటు ఇద్దరు స్త్రీలు కలిసి ఇళ్ళు తిరిగి జాబితా తయారుచేయాలి. ఇద్దత్‌లో ఉన్న తల్లి బాధ స్త్రీలకే తెలుస్తుంది. జాబితా రహస్యంగా ఉండాలి. తరువాత ఒక్కో పిల్లకు నిజంగా ఎంత అవసరమో లెక్కవేయాలి. నెలకు వెయ్యి రూపాయలు అనుకుంటే, నెలకు వంద ఇచ్చే పది ఇళ్ళు చాలు. ఏడాదికి పన్నెండు వేలు. ఒక పెళ్ళిలో పందిరికి పెట్టే ఖర్చుతో పోలిస్తే ఇది ఎంత!

రెండవది, ప్రభుత్వం నుంచి రావలసింది రప్పించాలి. మిషన్ వాత్సల్య పథకం కింద అర్హులైన పిల్లలకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. వితంతువుల పిల్లలు, బంధువుల ఇళ్ళలో పెరుగుతున్న అనాథలు, ప్రాణాంతక జబ్బుతో ఉన్న తల్లిదండ్రుల పిల్లలు దీనికి అర్హులు. గ్రామాలలో కుటుంబ వార్షికాదాయం 72,000 రూపాయలు మించకూడదు. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో దరఖాస్తు చేయాలి. మరణ ధ్రువపత్రం, ఆదాయ పత్రం, ఆధార్ సేకరించడం చదువురాని తల్లికి కొండంత పని. చదువుకున్న యువకుడు రెండు రోజులు ఆమె కుటుంబం తరఫున ఆఫీసుల చుట్టూ తిరగడం కూడా సదఖాయే.

మూడవది, గల్ఫ్‌లో ఉన్న సోదరుల సాయం. భారత పౌరుడు తన సంపాదన నుంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కాదు. విదేశీ పౌరుల నుంచి, విదేశీ సంస్థల నుంచి తీసుకోవాలంటే కేంద్రం అనుమతి ఉండాలి. ఈ తేడా తెలియక చిక్కుల్లో పడవద్దు.

ఇజ్తిమాలో చర్చించడానికి

• మన మొహల్లాలో గత మూడేళ్ళలో తండ్రిని కోల్పోయిన పిల్లలు ఎందరు? వారిలో నేడు బడికి వెళ్తున్నవారు ఎందరు?
• కిందటి రమజాన్‌లో మనం ఇచ్చిన సాయంలో ఇప్పటికీ నిలిచి ఉన్నది ఏమిటి?
• కహఫ్ సూరాలోని ఆ బాలుర తండ్రి సజ్జనుడని అల్లాహ్ ప్రత్యేకంగా పేర్కొనడంలో తల్లిదండ్రులుగా మనకున్న పాఠం ఏమిటి?

ఈ మూడో ప్రశ్నే మనందరినీ ఆలోచింపజేయాలి. రేపు మన పిల్లలు ఎవరి చేతుల్లో ఉంటారో మనకు తెలియదు. ఆ తండ్రి సత్ప్రవర్తనను అల్లాహ్ వృథా కానివ్వలేదు. ఆయన పిల్లల గోడ ఒరిగిన రోజున ముక్కూమొహం తెలియని ఒక దాసుణ్ణి ఆ దారిన నడిపించాడు. ఈ రోజు మనం ఒకరి గోడకు ఆసరా ఇస్తే, రేపు మన గోడకు ఆసరా ఇచ్చేవాణ్ణి పంపడం అల్లాహ్‌కు కష్టమా?

అల్లాహ్ మనకు అనాథల హక్కులను గుర్తించే హృదయాన్ని, ఆ సొమ్ము విషయంలో భయభక్తులను ప్రసాదించుగాక! ప్రళయదినాన మనల్ని ప్రవక్త (స) సామీప్యంలో చేర్చుగాక! ఆమీన్.